పేరున్న తండ్రి, వెక్కిరించే కొడుకు: ఏ దారి మేలు?

తెలుగువాళ్లు ఎవరినైనా ‘పండితపుత్రుడు’ అన్నారంటే అది పొగడ్త కాదు. ఆ సామెతలో రెండో సగం పైకి అనకపోయినా విన్నవాడికి అందుతుంది. తండ్రి పట్టిన కలమే కొడుకూ పడితే ఆ మాట పడటానికి సిద్ధంగా ఉండాలి. అతను రాసేది వ్యంగ్య నవల అయితే చిక్కు మరీ ముదురుతుంది. పెద్దమనుషుల డాంబికాన్ని దులపడం అతని వృత్తి; మొదటి పుస్తకం అచ్చయ్యేది మాత్రం ఇంట్లోని పెద్దమనిషి పేరు చలవతో. అలాంటి ముగ్గురు కొడుకుల్లో ఎవరి దారి మేలో చూద్దాం.

ఇంగ్లిషు నవలాకారుడు మార్టిన్ ఏమిస్ ఈ చలవను దాచుకోలేదు. తన తొలి నవలను లండన్‌లో ఏ ప్రచురణకర్త అయినా ఉత్త కుతూహలం కొద్దీ వేసేవాడేనని ఒప్పుకున్నాడు. తండ్రి కింగ్‌స్లీ ఏమిస్ 1954లో ‘లక్కీ జిమ్’ రాసి విశ్వవిద్యాలయాల పెద్దరికాన్ని నవ్వులపాలు చేసినవాడు. ఆ నవలకు దక్కిన సోమర్‌సెట్ మామ్ అవార్డే 1974లో కొడుకు ‘ది రేచల్ పేపర్స్’కూ దక్కింది. ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు దుకాణాలన్నమాట. 1984లో మార్టిన్ ‘మనీ’ రాశాడు. డబ్బూ తాగుడూ తప్ప మరో ధ్యాస లేని జాన్ సెల్ఫ్ చెప్పుకునే కథ అది. అందులోకి ‘మార్టిన్ ఏమిస్’ అనే రచయిత ఒక పాత్రగా నడిచివచ్చే చోటు దాకా చదివి, తండ్రి ఆ పుస్తకాన్ని గాల్లోకి విసిరేశాడు. పాఠకుడితో ఆటలాడటం, రచయిత తనవైపు చూపు తిప్పుకోవడం ఆయనకు గిట్టవు. సరిగ్గా రెండేళ్లకు, 1986లో, బుకర్ బహుమతి ఇంటికి వచ్చింది. తండ్రికి. కొడుకు 1991లో తుది జాబితా దాకా వెళ్లి ఆగిపోయాడు. ఆ బహుమతి అతనికి చివరిదాకా రాలేదు.

1995లో ‘ది ఇన్ఫర్మేషన్’కు దాదాపు 5 లక్షల పౌండ్ల అడ్వాన్సు అందుకున్నాడని పత్రికలు అతన్ని ఏకిపెట్టాయి. ఆ డబ్బంతా పళ్లు బాగుచేయించుకోవడానికేనని ఎగతాళి చేశాయి. నవలలో కథ ఇద్దరు రచయితల మధ్య అసూయ. బయట నడిచిందీ అదే. ఆ ఏడాదే అక్టోబరులో తండ్రి పోయాడు. ఇంత జరిగినా మార్టిన్ దుకాణం ఎత్తేయలేదు. అంతకన్నా తెలివైన పని ఒకటి చేశాడు: వాక్యం విషయంలో గురువుల్ని వేరే చోట వెతుక్కున్నాడు. నవలాకారులు సాల్ బెల్లో, నబొకోవ్ అతనికి కొలమానాలయ్యారు. బెల్లో బతికి ఉన్నంతకాలం తాను పూర్తిగా తండ్రి లేనివాణ్ని కానని కూడా అనుకున్నాడు.

అమెరికాలో క్రిస్టఫర్ బక్లీకి ఇంత తిప్పలు లేవు. తండ్రి విలియం ఎఫ్. బక్లీ 1955లో ‘నేషనల్ రివ్యూ’ పత్రిక స్థాపించిన సంప్రదాయవాది, టీవీలో దిట్టమైన వాదకుడు. గూఢచారి నవలలు రాసినా ఆయన పేరు వాటి మీద నిలబడింది కాదు. కాబట్టి వాషింగ్టన్‌ను వెక్కిరించే నవల అనే గది ఖాళీగానే దొరికింది. సిగరెట్ కంపెనీల తరఫున నోరు అరువిచ్చే మనిషి కథ ‘థాంక్ యు ఫర్ స్మోకింగ్’ 1994లో వచ్చింది, తర్వాత సినిమా కూడా అయింది. తగువంతా రాజకీయాల్లో వచ్చింది. తండ్రి పోయిన ఏడాదే, 2008లో, తాను ఒబామాకు ఓటేస్తున్నానని రాసి, నాన్న పత్రికలో తన కాలమ్ వదులుకోవాల్సి వచ్చింది. హాయిగా చదువుకోదగ్గ రచయితే. కానీ ఖాళీ గదిలో కాపురం పెట్టినవాణ్ని ఈ పోటీలో ముందు వరసలో కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పదు.

ఇక ఆబరన్ వా. తండ్రి ఈవ్లిన్ వా, ‘డిక్లైన్ అండ్ ఫాల్’, ‘స్కూప్’ రాసిన మనిషి. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లిషు వ్యంగ్యానికి ఆయన్ని మించిన పేరు చెప్పడం కష్టం. యుద్ధం తర్వాతి కరవు రోజుల్లో పిల్లల కోసమని ఇంటికి మూడు అరటిపళ్లు వచ్చాయి. పిల్లలెవరూ అప్పటిదాకా అరటిపండు రుచి ఎరగరు. తండ్రి మూడూ తన పళ్లెంలో పెట్టుకుని, మీగడ పోసుకుని, రేషన్ పంచదార చల్లుకుని, వాళ్లు చూస్తుండగా తినేశాడు. నీతినియమాల మీద తండ్రి చెప్పేదేదీ ఆనాటి నుంచి తలకెక్కలేదని కొడుకు 1991లో ఆత్మకథలో రాసుకున్నాడు. నాకైతే వ్యంగ్య రచయిత పుట్టింది ఆ భోజనాల బల్ల దగ్గరే అనిపిస్తుంది.

1958లో సైప్రస్‌లో సైనిక సేవలో ఉండగా, మొరాయించిన మెషిన్‌గన్‌ను ముందువైపు నుంచి పట్టుకుని కుదిపాడు. అది పేలింది. ఒక ఊపిరితిత్తి, ప్లీహం, ఒక వేలు, కొన్ని పక్కటెముకలు పోయాయి. కోలుకునే రోజుల్లో రాసిన ‘ది ఫాక్స్‌గ్లవ్ సాగా’ను 1960లో వేసింది తాత ఒకప్పుడు నడిపిన, తండ్రి పుస్తకాలు వేసే చాప్‌మన్ అండ్ హాల్ సంస్థే. 1972 నాటికి అయిదు నవలలు అయ్యాయి. అక్కడితో ఆపేశాడు. నవలల మీద డబ్బు రాదు, పోలిక మాత్రం ప్రతిసారీ వస్తుంది. ఆ ఏడాదే ‘ప్రైవేట్ ఐ’ అనే వ్యంగ్య పక్షపత్రికలో డైరీ మొదలుపెట్టాడు: పేర్లు నిజమైనవి, సంఘటనలు కట్టుకథలు, చెప్పేవాడు తనను తాను మహా దొరగా ఊహించుకునే మనిషి. 1985 దాకా సాగింది. ఆ ప్రక్రియలో తండ్రి ముందుగా వేసిన గీత ఏదీ లేదు.

పేరున్న తండ్రి కొడుక్కి ఆబరన్ దారే మేలంటాను. దీనికి ఎదురువాదం బలమైనదే. పత్రికా రచనకు ఆయుష్షు తక్కువ. ఆ డైరీల్లో తిట్లు తిన్న మంత్రులు ఎవరో ఇప్పుడు ఇంగ్లండు పిల్లలకే తెలియదు. ‘మనీ’ని నేటికీ కొని చదువుతున్నారు. సాహిత్యానికి ఏది మేలని అడిగితే మార్టిన్ దారే. అతని వాక్యాల్లో ఒకటి ఎత్తి చూపినా ఇంకెవరిదో అనుకోలేం. కానీ ఆ దారికి మార్టిన్ ఏమిస్ అంతటివాడు కావాలి. తండ్రి విసిరేసిన పుస్తకాన్ని తీసి దుమ్ము దులిపి, మరొకటి రాయడానికి కూర్చోగల గుండె కావాలి. అది లేని కొడుకులకు, అంటే దాదాపు అందరికీ, ఆబరన్ చూపింది పనికొచ్చే దారి: తండ్రి నుంచి వచ్చిన కోపం ఉంచుకోవడం, తండ్రి వాడిన మూస పారేయడం.

1979 బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఆబరన్ నార్త్ డెవాన్ స్థానంలో నిలబడ్డాడు. హత్యకు కుట్ర పన్నాడన్న కేసులో అప్పటికి విచారణ ఎదుర్కోబోతున్న, తర్వాత నిర్దోషిగా బయటపడ్డ లిబరల్ పార్టీ మాజీ నాయకుడు జెరెమీ థోర్ప్‌ను ఆటపట్టించడానికి. ఆ వ్యవహారంలో చచ్చిపోయింది ఒక కుక్క కాబట్టి పార్టీకి ‘శునక ప్రియుల పార్టీ’ అని పేరు పెట్టాడు. వచ్చిన ఓట్లు 79. ఎనభయ్యోది నాదనుకోండి.