కార్ల ర్యాలీ చూడటం: స్టేజి పక్కనా, తెర ముందా?

ఫార్ములా వన్‌లో కార్లన్నీ ఒకే ట్రాక్ చుట్టూ తిరుగుతాయి కాబట్టి కెమెరాకి పని తేలిక. ర్యాలీలో స్టేజి మీద, అంటే పోటీ కోసం మూసేసిన రోడ్డు ముక్క మీద, ఒక్కో కారూ కొన్ని నిమిషాల తేడాతో వెళ్తుంది, పోటీ గడియారంతో. అందుకే 1973 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ నడుస్తున్నా టీవీలో దానికి దక్కే చోటు తక్కువే.

తెర ముందు కూర్చుంటే లెక్క తెలుస్తుంది. ఎవరు ఎన్ని సెకన్లు ముందున్నారో కనిపిస్తుంది. డ్రైవర్ పక్కన కూర్చునే కో-డ్రైవర్ చదివే పేస్ నోట్స్, అంటే ముందు రాబోయే మలుపుల వివరాలు, వినిపిస్తాయి. నాకైతే ఆ గొంతే సగం ర్యాలీ.

స్టేజి పక్కన ఇవేవీ ఉండవు. గంటల తరబడి నిలబడితే కారు కనిపించేది కొన్ని సెకన్లు. అయినా జనం అడవుల్లోకి నడిచి వెళ్తారు. కారు కంటే ముందు చెట్ల మధ్య నుంచి దాని శబ్దం వస్తుంది, తర్వాత కంకర ఎగురుతుంది. తెర మీద చదునుగా అనిపించే ఫిన్లాండ్ రోడ్ల ఎత్తుపల్లాలు, కార్లు గాల్లోకి లేచే తీరు దగ్గర్నుంచే అర్థమవుతాయి. సర్వీస్ పార్కులో మెకానిక్‌లు హడావుడిగా రిపేర్లు చేయడమూ కళ్లారా చూడొచ్చు.

ఫలితం ముఖ్యమైతే తెర చాలు. ఒక్కసారైనా చూడాలంటే మాత్రం నా ఓటు స్టేజికే. మలుపు బయటివైపు నిలబడకండి, అదుపు తప్పిన కారు ఎక్కువగా వచ్చేది అటే.