12 ఏళ్లుగా నా డ్రాయర్లో ఉన్న లెర్నర్స్ డిక్షనరీ: ఆ చిన్న బాక్సుల గురించి

విశాఖ పోర్టుకి దగ్గర్లో ఓడ సరుకుకి కస్టమ్స్ పనులు చేసిపెట్టే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో డాక్యుమెంటేషన్ పని చేస్తాను. రోజుకి ముప్పై, నలభై మెయిళ్లు ఇంగ్లీషులో రాయాలి. పదో తరగతి దాకా నర్సీపట్నంలో తెలుగు మీడియంలో చదివాను. ఉద్యోగంలో చేరిన నెలలోనే, జగదాంబ సెంటర్ దగ్గర ఒక షాపులో ఈ డిక్షనరీ కొన్నాను. ఏ కంపెనీదో రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పే సౌకర్యం పేరున్న లెర్నర్స్ డిక్షనరీలన్నిట్లో ఏదో ఒక రూపంలో ఉంటుంది. దగ్గర దగ్గర అర్థాలున్న మాటల్ని పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ వాడాలో చెప్పే చిన్న బాక్సులు. మిగతా సంగతులు అందరికీ తెలిసినవే.

ఆ బాక్సులంటే నాకు ప్రాణం. ఎందుకో ఒక ఉదాహరణతో చెప్తాను. ఇంట్లో ఉన్న ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీలో అగ్రీ, అడ్మిట్, అక్సెప్ట్, అక్నాలెడ్జ్ ఏది తీసి చూసినా "ఒప్పుకొను, అంగీకరించు" అనే ఉంటుంది. అందులో తప్పేం లేదు. మనం పెళ్లికీ ఒప్పుకుంటాం, రేటుకీ ఒప్పుకుంటాం, చేసిన తప్పూ ఒప్పుకుంటాం. చేరిన కొత్తలో మేం పంపిన ఒక నష్టపరిహారం క్లెయిమ్‌కి షిప్పింగ్ లైన్ (ఓడల కంపెనీ) నుంచి జవాబు వచ్చింది. మీ ఉత్తరాన్ని అక్నాలెడ్జ్ చేస్తున్నాం అని ఉంది. నేను సంతోషంగా పార్టీకి, అంటే సరుకు సొంతదారుకి, ఫోన్ చేసి "లైన్ వాళ్లు ఒప్పుకున్నారండి" అని చెప్పేశాను. మా సీనియర్ మేడమ్ విని, ఫోన్ తీసుకుని సర్ది చెప్పాల్సి వచ్చింది. ఉత్తరం ముట్టిందని తెలపడమే అక్నాలెడ్జ్. తప్పు మాదేనంటే అడ్మిట్. అడిగిన మొత్తం ఇవ్వడానికి సరేనంటే అగ్రీ. ఆ సాయంత్రం బాక్సు తీస్తే ఈ తేడాలన్నీ అరపేజీలో ఉన్నాయి. "ఒప్పుకోలేదు" కూడా అంతేనని తర్వాత తెలిసింది. సరుకు దించుకోవడానికి ఒప్పుకోకపోతే రెఫ్యూజ్, సీలు తెగిందన్న మాట ఒప్పుకోకపోతే డినై.

ఇలాంటి డిక్షనరీల పుట్టుక కూడా నాకు నచ్చుతుంది. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ మరో ఇద్దరితో కలిసి చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. ఇంగ్లీషు ఇంటిభాష కానివాళ్ల కోసమే చేసిన పుస్తకం అది. క్రియ ఇచ్చి వదిలేయకుండా, దాని తర్వాత ఏం రావాలో కూడా చూపించారు. సజెస్ట్ తర్వాత "మీ టు" పెట్టకూడదని నేను నేర్చుకున్నది అలాంటి గుర్తుల వల్లే.

ఇంతవరకూ చదివితే ఇది ఉత్త మెచ్చుకోలులా ఉంటుంది. 2019 జూన్‌లో జరిగింది కూడా చెప్పాలి.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న షావుకారు గారొకరికి ఆఫ్రికా నుంచి మూడు కంటైనర్ల జీడిపిక్కలు వచ్చాయి. రెండు బాగానే ఉన్నాయి. మూడోదాని తలుపులు తీయగానే బూజు వాసన కొట్టింది. పైకప్పు మూలన చిన్న చిల్లు. దాని కింద వరసంతా గోనె బస్తాలు తడిసి నల్లబడ్డాయి. చిల్లు అంచుల్లో రేకు ఇంకా మెరుస్తోంది, పాత తుప్పు లేదు. సరుకు దారిలో ఒక పోర్టులో ఓడ మారింది. అక్కడ క్రేను తగిలి ఉంటుందని నష్టం పరిశీలించడానికి వచ్చిన సర్వేయర్ గారు అన్నారు. మా అందరి అనుమానమూ అదే.

నష్టం పైకి కనపడనిదైతే డెలివరీ తీసుకున్న 3 రోజుల్లోగా షిప్పింగ్ లైన్ వాళ్లకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మాకు అప్పటికే రెండు రోజులు గడిచిపోయాయి. షావుకారు గారు గంటకోసారి ఫోన్ చేస్తున్నారు. ఆ టెన్షన్‌లో నోటీసు నేనే రాశాను. "కంటైనర్ ఓడ మారిన చోట దెబ్బతిందని మా అనుమానం" అని మనసులో అనుకుని, ఇంగ్లీషులో "వియ్ డౌట్ దట్" అని మొదలుపెట్టాను. కంప్యూటర్లో వ్యాకరణం దిద్దే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక్క గీత కూడా పడలేదు. వాక్యం వ్యాకరణం ప్రకారం శుభ్రంగా ఉంది మరి. సార్ పైపైన చూసి పంపమన్నారు.

మూడో రోజు జవాబు వచ్చింది. మీ పరిశీలనకు ధన్యవాదాలు, ఓడ మారిన చోట కంటైనర్ దెబ్బతినలేదన్న మీ అభిప్రాయాన్ని గమనించాం, మా అభిప్రాయం కూడా అదే, కాబట్టి విశాఖలో దిగిన తర్వాత ఏం జరిగిందో మీరే విచారించుకోండి అని ఉంది. మూడుసార్లు చదివాను. వాళ్లు వెటకారం చేస్తున్నారనే అనుకున్నాను మొదట. నాలుగోసారి నా మెయిల్ తీసి చదివితే ఒళ్లు చల్లబడింది. ఇంగ్లీషులో నేను రాసిన వాక్యానికి సరిగ్గా అదే అర్థం.

డిక్షనరీ డ్రాయర్లోనే ఉంది, చెయ్యి చాచితే అందుతుంది. తీశాను. ఒక సంగతి నిజం కాకపోవచ్చనుకుంటే డౌట్. ఒక సంగతి, ముఖ్యంగా చెడ్డ సంగతి, నిజమే అయి ఉంటుందనుకుంటే సస్పెక్ట్. రెండు మాటలూ పక్కపక్కనే, రెండేసి ఉదాహరణలతో. కొన్నప్పటి నుంచీ అది అక్కడే ఉంది.

మర్నాడు షావుకారు గారు పొద్దున్నే రైలెక్కి వచ్చేశారు. జవాబు అర్థం చెప్పించుకుని, "ఏటమ్మా, వాళ్లది తప్పు కాదని మనవే రాసిచ్చీసామా?" అన్నారు. అవునన్నాను. కాసేపాగి, "డౌటంటే అనుమానవే కదమ్మా?" అని అడిగారు.

ఆయన అడిగిన ఆ ప్రశ్న గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. "వాడి మీదే నా డౌటు" అంటే మనకి అనుమానమే. "డౌట్స్ ఉంటే అడగండి" అని మాస్టారు అంటే ప్రశ్నలని. డౌటు తెలుగు మాటైపోయింది, దాని అర్థం కూడా మనమే పెట్టుకున్నాం. తెలియని ఇంగ్లీషు మాట ఎదురైతే నేను తప్పకుండా డిక్షనరీ తీస్తాను. డౌట్ కోసం ఎప్పుడూ తీయలేదు, చిన్నప్పటి నుంచీ వాడుతున్న మాట కదా. ఆ బాక్సు ఎంత బాగా రాసినా, మనం తీస్తేనే పనిచేస్తుంది. మన తెలుగులో డౌటు ఏమైందో నా దగ్గరున్న పుస్తకంలో ఎక్కడా లేదు. అగ్రీ, అడ్మిట్ విషయంలో నేను పైన అంత మెచ్చుకున్నది కూడా తప్పు జరిగాక తీసి చూసినందుకేనని ఇది రాస్తుంటే గమనిస్తున్నాను.

సవరణ మెయిల్ వెంటనే పంపాం. లైన్ వాళ్లు మాత్రం ప్రతి జవాబులోనూ మా మొదటి ఉత్తరం తేదీ ఎత్తి చూపించారు. చివరికి సర్వేయర్ గారి ఫొటోలు, ఆ మెరుస్తున్న రేకు కాపాడాయి. ఎనిమిది నెలలకి సెటిల్ అయింది, అడిగినదాంట్లో సగం కన్నా తక్కువకి. నా మాట ఒక్కటే కారణమని చెప్పలేను, క్లెయిముల్లో పూర్తి మొత్తం రావడం మామూలుగానే కష్టం. కానీ బేరమాడే చోట మా చెయ్యి కిందికి పోయింది, అది నా వల్లే.

పాత ఇంగ్లీషులో డౌట్‌కి సస్పెక్ట్ అర్థం కూడా ఉండేదని, స్కాట్లండ్ మాటతీరులో ఇప్పటికీ ఉందని తర్వాత ఒక పెద్ద డిక్షనరీలో చదివాను. మనసుకి కాస్త తెరిపి అనిపించింది. క్లెయిమ్ ఉత్తరానికి మాత్రం ఆ అర్థం పనికిరాదు.

అప్పటి నుంచి డిక్షనరీ అంచుల్లో పెన్సిల్‌తో నా బాక్సులు నేనే రాసుకుంటున్నాను, మనవైపోయిన ఇంగ్లీషు మాటలకి. "సార్ ఫీలయ్యారు" అంటే ఇంగ్లీషులో హర్ట్ అయ్యారనాలి, ఉత్త ఫీల్ చాలదు. ఇల్లు షిఫ్ట్ అయ్యామని మనమంటే వాళ్లు మూవ్ అంటారు. ఫైలు మిస్సయిందని చెప్పబోయి "మిస్డ్ ద ఫైల్" అని రాస్తే సంగతి వేరే ఎటో పోతుంది. ఇప్పటికి నలభై దాకా అయ్యాయి. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు డౌట్ పేజీ చూపిస్తున్నాను.

పుస్తకం గట్టిదేనా అంటే, గట్టిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి ఆఫీసు కిటికీ అద్దాలు పగిలి టేబుల్ మీదున్నవన్నీ తడిశాయి. కరెంటు లేని ఆ రోజుల్లో మేడ మీద ఎండలో పేజీ పేజీ విడదీసి ఆరబెట్టాను. కాగితాలు అలల్లా అయ్యాయి కానీ కుట్టు ఊడలేదు.

కొనమంటారా అని అడిగితే, నాలా తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాసేవాళ్లు, రాసిన మాట మీద డబ్బు ఆధారపడినవాళ్లు కొనుక్కోవచ్చు. మాట్లాడటం నేర్చుకోవాలంటే ఇది పెద్దగా ఉపయోగపడదు. మాట్లాడేటప్పుడు ఎవరూ పేజీలు తిప్పరు. ఫోన్‌లో చదవడం అలవాటున్నవాళ్లకి ఉచితంగా దొరికే ఆన్‌లైన్ రూపమే చాలేమో. మా అమ్మాయి అదే చూస్తుంది, తనకి సరిపోతోంది. కొత్త ఎడిషన్ తీసుకుందామని నేను రెండుసార్లు షాపు దాకా వెళ్లాను. చేతిలోకి తీసుకుని తిప్పితే అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. నా నలభై బాక్సులూ మళ్లీ ఎక్కించే తీరిక దొరికే దాకా పాతదే.