తిరుపతిలో అమెరికా టికెట్ తీస్తున్నారా? పద్నాలుగున్నర గంటలే అంటే నమ్మకండి

మా చెల్లెలి కాన్పుకని మే నెలలో అమ్మను, నాయనను శాన్ ఫ్రాన్సిస్కో పంపించాను. టికెట్లు తిరుపతిలోనే ఒక ట్రావెల్స్ షాపులో తీశాను. పేరు రాయడం లేదు. పెద్దవాళ్లను పంపేవాళ్లు దయచేసి ఇది చదవండి.

"చెన్నైలో పొద్దున 5:45కి ఎక్కుతారు, అదే రోజు రాత్రి 8:15కి దిగేస్తారు. పద్నాలుగున్నర గంటలే సామీ" అన్నాడు షాపతను. నేను సందేహపడితే ఫోన్‌లో ఒక పేజీ చూపించాడు. తిరుపతి నుంచి శాన్ ఫ్రాన్సిస్కో సుమారు 14 వేల కిలోమీటర్లు, విమానంలో 15 గంటల చిల్లర అని ఉంది. రెండు లెక్కలూ దగ్గరగానే ఉన్నాయి కదా అని డబ్బు కట్టేశాను.

మోసమంతా అక్కడే. టికెట్ మీద ఎక్కే టైము మనది, దిగే టైము అక్కడిది. వేసవిలో ఆ ఊరు మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. అది కలిపితే మావాళ్ల ప్రయాణం 27 గంటలు! ఇక ఆ ఫోన్ లెక్క, భూగోళం మీద రెండు ఊళ్లకూ తాడు కట్టి కొలిచి, విమానం వేగంతో భాగించింది. మన రేణిగుంట ఎయిర్‌పోర్టులో ఎక్కి నేరుగా అక్కడ దిగే విమానం ఏదీ? 2021 జనవరిలో బెంగళూరు నుంచి మొదలైన నాన్‌స్టాప్‌కే 16, 17 గంటలు పట్టేది. మావాళ్లలా ఢిల్లీలో ఆగి, విమానం మారి పోయేది అంతకన్నా ముందెలా చేరుతుంది?

పైగా చెన్నై–ఢిల్లీ ఒక పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు), ఢిల్లీ నుంచి వేరే పీఎన్ఆర్. ఆ ముక్క నాకు చెప్పనే లేదు. అంటే ఢిల్లీలో సామాను మనమే దింపుకోవాలి, మళ్లీ చెక్‌ఇన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి బాధ్యత లేదు. మావాళ్లు టెర్మినల్ 1లో దిగి, పెట్టెలు వాటంతటవే పోతాయనుకుని బయటికి నడిచారు. మదనపల్లె అబ్బాయి ఒకడు చూసి బెల్టు దగ్గరికి వెనక్కి తీసుకెళ్లాడు. ఆ బిడ్డ చల్లగా ఉండాలి. అక్కడి నుంచి ఎండలో రెండు పెద్ద పెట్టెలతో బస్సెక్కి టెర్మినల్ 3కి పోయి, రెండో విమానం కోసం సాయంత్రం దాకా కూర్చున్నారు. ఇద్దరికీ హిందీ రాదు.

పద్నాలుగు గంటలే కదా అని నాయన షుగర్ మాత్రలు రెండు పూటలకే చేతిసంచిలో పెట్టాను, మిగతావి పెట్టెలో. రెండో విమానంలో మాత్రల్లేవు. దిగేసరికి పాదాలు వాచి చెప్పులు ఎక్కలేదట, వట్టి కాళ్లతో బయటికొచ్చాడని చెల్లెలు ఫోన్లో ఏడ్చింది. ముందురోజు రాత్రి పదకొండున్నరకు ఇంట్లో కారెక్కినప్పటి నుంచి లెక్కేస్తే 33 గంటలు దాటింది.

షాపుకు పోయి అడిగితే "టైమింగులు టికెట్ మీదే ఉన్నాయి కదా" అన్నాడు.

డబ్బు కట్టే ముందు స్క్రీన్ మీద మొత్తం ప్రయాణ సమయం చూపించమని పట్టుబట్టండి. పీఎన్ఆర్ ఒకటేనా, లగేజీ చివరి ఊరిదాకా ట్యాగ్ అవుతుందా, టెర్మినల్ మారాలా అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. డైరెక్ట్ అన్నా ఊరుకోవద్దు, డైరెక్ట్ ఫ్లైట్ మధ్యలో ఆగొచ్చు. ఆగనిది నాన్‌స్టాపే. మందులు మూడు రోజులవి చేతిలోనే ఉంచండి.

తిరుగు టికెట్లు నష్టానికే రద్దు చేసి, ఒకే పీఎన్ఆర్ మీద మళ్లీ తీశాను. ఈసారి ఇద్దరికీ వీల్‌చెయిర్ రాయించాను. దానికి డబ్బు అడగలేదు.