హైదరాబాద్–డాలస్ ఎంత దూరం? దూరం చెప్పే సైట్లలో ఏది నమ్మాలి

రెండు ఊళ్ల పేర్లు కొడితే దూరం, ఫ్లైట్ టైమ్ చెప్పే సైట్లు బోలెడున్నాయి. హైదరాబాద్, డాలస్ అని కొట్టండి: సుమారు 14,400 కిలోమీటర్లు, పదహారు పదహారున్నర గంటలు అంటాయి. దూరం సరైనదే. టైమ్ మాత్రం దేనికీ అక్కరకు రాదు. దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగించి పైన ఓ అరగంట కలిపేస్తాయి, అంతే. ఆ దారిలో వెళ్లే విమానం ఉందా లేదా అన్నది వాటికి పట్టదు. భూగోళం మీద దగ్గరి దారి శంషాబాద్ నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి సాగి, హిమాలయాలు, రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల చేరువలోంచి అమెరికా వైపు దిగుతుంది. మనం డాలస్‌కు ఎక్కే ఫ్లైట్లేవీ అటు పోవు. ఈ రెండు ఊళ్ల మధ్య నాన్‌స్టాపే లేదు.

ఇంకో చిక్కు: పాకిస్తాన్ సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది. పేరు కొట్టగానే మ్యాప్‌లో చుక్క ఎక్కడ పడిందో చూసుకోండి.

దూరం వరకైతే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ చాలు. చూడ్డానికి పాతకాలం సైటు, పని మాత్రం పక్కా. ఎయిర్‌పోర్ట్ కోడ్లతో నడుస్తుంది. శంషాబాద్‌కు హెచ్‌వైడీ. 2008 వరకు ఇదే కోడ్ బేగంపేటది, ఇప్పుడు దానికి బీపీఎం. కోడ్ల మధ్య హైఫన్లు పెట్టి మొత్తం రూటు ఇవ్వొచ్చు, కామా పెట్టి పక్కనే రెండో రూటు. మైళ్లలో చూపిస్తే యూనిట్లు మార్చుకోండి. దోహా మీదుగా 2,900, ఆపై 12,750 కిలోమీటర్లు. లండన్ మీదుగా 7,750, ఆపై 7,630. రెండు దారులకూ తేడా 300 కిలోమీటర్ల లోపే, కాబట్టి కిలోమీటర్లు చూసి రూటు ఎంచుకోవడం దండగ.

గాల్లో ఎంతసేపో తెలియాలంటే ఫ్లైట్‌రాడార్24. ఫ్లైట్ నంబర్ కొడితే గత వారం రోజులు నిజంగా ఎంతసేపు ఎగిరిందో ఉచితంగానే చూపిస్తుంది. దోహా నుంచి డాలస్‌కు దాదాపు 16 గంటలు, తిరుగు ప్రయాణం అంతకంటే గంటన్నర, రెండు గంటలు తక్కువ. పైన వీచే పడమటి గాలి పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. దూరం సైట్లు రెండు వైపులకూ ఒకే అంకె ఇస్తాయి. టికెట్ మీది టైమ్ గేటు నుంచి గేటుకు, విమానం రన్‌వే దాకా నేల మీద నడిచే సేపు కూడా అందులోనే. అందుకే టికెట్ టైమూ ఫ్లైట్‌రాడార్ టైమూ కలవవు.

మొత్తం ప్రయాణానికి గూగుల్ ఫ్లైట్స్ చూడండి. హైదరాబాద్–దోహా నాలుగున్నర గంటలు, మధ్యలో ఆగడం కలిపితే ఇరవై రెండు, ఇరవై నాలుగు గంటలు అవుతుంది. దిగే టైమ్ అక్కడి గడియారం ప్రకారం ఉంటుంది. ఎండాకాలం డాలస్ మనకు పదిన్నర గంటలు వెనక, నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదకొండున్నర. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి పికప్‌కు వచ్చేవాళ్లకు ఇండియా టైమ్ లెక్కగట్టి చెప్పకండి.

ఇక చికాగో, న్యూయార్క్ మీదుగా తక్కువ గంటలు చూపిస్తే తొందరపడొద్దు. మామూలుగా అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, లగేజ్ తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడ మూడు గంటలకు తగ్గిన కనెక్షన్ వద్దు.