ఐవీఎఫ్ రోజుల్లో మంచం మేలా, నడక మేలా?

ఐవీఎఫ్‌లో, అంటే శరీరం బయట ఫలదీకరణ చేసే సంతాన చికిత్సలో, పిండాన్ని గర్భసంచిలో పెట్టించుకుని ఇంటికి వచ్చిన కోడలిని మెట్లెక్కవద్దని, మంచం దిగవద్దని పెద్దలు చెప్పడం మన ఇళ్ళలో మామూలే. ఆ మాట వెనుక ఉన్నది ప్రేమే అయినా, దానికి వైద్యపరమైన ఆధారం లేదు. గర్భసంచి లోపలి గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య ఉన్న పిండం లేచి నిలబడినంత మాత్రాన జారిపోదు. పిండ బదిలీ తర్వాత పడక విశ్రాంతిని సూచించవద్దని సంతాన చికిత్స నిపుణుల సంస్థ అయిన అమెరికన్ సొసైటీ ఫర్ రీప్రొడక్టివ్ మెడిసిన్ 2017లోనే స్పష్టం చేసింది. పైగా, హార్మోన్ మందులు వాడుతూ రోజంతా పడుకుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్ హార్మోన్ వల్ల వచ్చే మలబద్ధకం ఎక్కువవుతుంది, గర్భం వచ్చిందో లేదో తేల్చే రక్తపరీక్ష దాకా మనసు ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతుంది. అందుచేత ఈ దశలో మంచం కంటే నడకే మేలని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

అయితే నడకకూ పరుగుకూ మధ్య ఎంపిక వచ్చినప్పుడు, చికిత్స ఏ దశలో ఉందన్నదే ముఖ్యం. అండాలు పెరగడానికి ఇంజెక్షన్లు తీసుకునే రోజుల్లో, మామూలుగా మూడు నాలుగు సెంటీమీటర్లుండే అండాశయం ఫాలికిల్స్‌తో (అండాలు పెరిగే చిన్న ద్రవపు సంచులతో) నిండి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. గెంతినా, నడుమును గట్టిగా తిప్పినా అంత బరువెక్కిన అండాశయం మెలిపడి, దానికి రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇది అరుదే గాని, వస్తే అత్యవసరంగా శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు. కాబట్టి పరుగు, స్కిప్పింగ్, జిమ్‌లో బరువులు ఆ రోజుల్లో మానుకోవాలి. అండాలు తీసిన తర్వాత కూడా, అండాశయాలు తగ్గాయని డాక్టరు చెప్పేదాకా ఆగాలి. తాజా పిండాన్ని పెట్టించుకున్నవారి అండాశయాలు అప్పటికీ ఉబ్బే ఉంటాయి, గర్భం నిలిస్తే ఆ ఉబ్బు మరికొన్నాళ్ళు కొనసాగవచ్చు. ఫ్రీజ్ చేసిన పిండాన్ని తర్వాతి నెలల్లో పెట్టించుకునేవారికి ఈ చిక్కు సాధారణంగా ఉండదు.

యోగా అనగానే సురక్షితమని అనుకోవడం సరికాదు. అర్ధమత్స్యేంద్రాసనం వంటి మెలితిప్పే ఆసనాలు, కపాలభాతి, తలకిందులు భంగిమలు ఈ రోజుల్లో వద్దు. నెమ్మదైన శ్వాసాభ్యాసం, భుజాలు, మెడ సడలించే కదలికలు చాలు. వేడి గదిలో చేసే యోగా గర్భిణులకు అసలే పనికిరాదు. మన వేసవిలో నడకను కూడా తెల్లవారుజామునే ముగించుకోవడం మంచిది.

గర్భం నిలిచి, ఇబ్బందులేవీ లేనివారికి వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం తగినదని అమెరికన్ ప్రసూతి వైద్యుల సంఘం 2020లో సూచించింది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మాత్రం మిగలకూడదు: అదే తగిన వేగం. ముందునుంచీ పరుగు అలవాటున్నవారు డాక్టరును అడిగి తగ్గించి కొనసాగించవచ్చు. కొత్తగా మొదలుపెట్టేందుకు ఇది సమయం కాదు.

రక్తస్రావం కనిపించినా, కళ్ళు తిరిగినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, పొత్తికడుపులో ఒక పక్క హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చి వాంతి అయినా, కడుపు ఉబ్బి మూత్రం తగ్గి ఆయాసం వచ్చినా, వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.