సెట్, రన్: ఏది ఎక్కువ తిప్పలు పెడుతుంది?

ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే చాలామంది టక్కున ‘సెట్’ అంటారు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పు ప్రకారం అది నిజమే, అందులో దీనికి 430కి పైగా అర్థాలున్నాయి. కానీ తర్వాత కొత్త కూర్పు కోసం ‘రన్’ను తిరగరాస్తే ఒక్క క్రియకే 645 తేలాయి.

లెక్కలో రన్ గెలిచింది సరే, నేర్చుకునేవాళ్లకు మాత్రం సెట్టే కష్టం అంటాను నేను. రన్‌లో ఎక్కడో ఒకచోట కదలిక ఉంటుంది, ముక్కు కారినా, కొట్టు నడిపినా, ఉతికితే బట్ట రంగు వదిలినా కాస్త ఊహించి పట్టుకోవచ్చు. (ఎన్నికల్లో మాత్రం అమెరికావాళ్లు రన్ అవుతారు, బ్రిటన్‌వాళ్లు మనలాగే నిలబడతారు!) సెట్‌కి ఆ దయ లేదు. సూర్యుడు అస్తమిస్తే సెట్, సిమెంటు గట్టిపడితే సెట్, అలారం పెట్టుకుంటే సెట్, గిన్నెలన్నీ కలిపి కొంటే అదీ సెట్టే. పైగా నిన్నా ఇవాళా ఒకటే రూపం, రన్ కనీసం గతంలో ర్యాన్ అవుతుంది.

మన వాడుకలో రన్ ఎక్కువగా క్రికెట్‌తో, సినిమా ఎన్ని రోజులాడిందనే లెక్కతో సరిపెట్టుకుంది. సెట్ మాత్రం ఇంట్లోకే వచ్చేసింది: సంబంధం సెట్టయింది, ఈ చొక్కా నీకు సెట్ కాలేదు. చొక్కా మాట ఇలాగే లండన్‌లో అంటే ఎవరికీ అర్థం కాదు, అక్కడ ‘సూట్’ కాలేదనాలి.