పాత పాటల కొత్త పదును: లెజియావ్ ఉర్బానా మూడవ ఆల్బమ్

బ్రెజిల్ రాజధాని బ్రసీలియాలో 1982లో ఏర్పడిన లెజియావ్ ఉర్బానా రాక్ సంగీత బృందాన్ని కొత్తగా వినదలచినవారికి నేను ముందుగా సూచించేది 1987లో వెలువడిన మూడవ ఆల్బమ్ ‘కే పయీస్ ఎ ఎస్తె’. ఇందులోని తొమ్మిది పాటలలో అధిక భాగం గాయకుడు రెనాటో రుస్సో అంతకుముందు అబోర్తో ఎలెత్రికో అనే పంక్ (తిరుగుబాటు ధోరణి గల రాక్) బృందంలో ఉన్నప్పుడు, ఆ తరువాత ఒంటరిగా గిటారు పట్టి పాడుతున్నప్పుడు రాసుకున్నవి. ‘ఇది ఎలాంటి దేశం’ అని నిలదీసే శీర్షిక గీతం 1978 నాటిది; సైనిక పాలన 1985లో ముగిసిన తరువాత కూడా ఆ ప్రశ్న పదును తగ్గకపోవడమే దాని బలం.

ఆల్బమ్‌కు ప్రాణం మాత్రం ‘ఫరోయెస్తె కబొక్లో’. పల్లవి అన్నదే లేకుండా దాదాపు తొమ్మిది నిమిషాలు సాగే ఈ పాట, బ్రసీలియాకు చేరిన జొయావ్ ది శాంతో క్రిస్తో అనే యువకుడు నేరజీవితంలోకి జారి, చివరికి తుపాకుల ద్వంద్వయుద్ధంలో మరణించే వరకు కథను ఎక్కడా సడలనివ్వదు. ఇంత పొడవైన పాటను రేడియోలు ప్రసారం చేయడం, శ్రోతలు కంఠస్థం చేయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 2013లో ఇది సినిమాగా కూడా వచ్చింది.

‘కీమికా’ వంటి పాటలు చురుకైనవే కాని పలుచన. బృందం గిటారిస్టు దాదో విల్లా-లోబోస్ వాదనలో నైపుణ్య ప్రదర్శన ఆశించేవారికి నిరాశ తప్పదు. 1996 అక్టోబరులో రుస్సో మరణంతో బృందం ప్రస్థానం ఆగిపోయింది. పోర్చుగీసు రానివారు పాటల అర్థం ముందుగా చదువుకొని వినడం మేలు, ఎందుకంటే ఇక్కడ సంగీతం కన్నా మాటకే పెద్దపీట.